డ్రైవరు తలమీది మూత

ఆయన అసలు పేరు వీధి మొత్తంమీద పోస్ట్‌మ్యాన్‌కి ఒక్కడికే తెలుసు. మిగతా లోకానికి ఆయన మిల్లీమీటరుగారు. ఎదురుగా పిలిచేటప్పుడు 'గారు' తగిలిస్తారు, చాటుగా అనుకునేటప్పుడు తీసేస్తారు. ఆ తేడా ఆయనకి తెలుసు గానీ, కొలతకి అందని విషయాలను ఆయన పట్టించుకునేవారు కారు.

పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారుచేసి ఇవ్వడం ఆయన వృత్తి. నోళ్ళతో నేరుగా పనిలేదు. డాక్టరు అచ్చు తీసి పంపుతాడు, ఈయన దాన్లో ప్లాస్టరు పోసి, మైనం పెట్టి, పళ్ళు అమర్చి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపుతారు. వీధివైపు గదిలో మూడు గోడలకీ బల్లలు, బల్లల నిండా వరసగా ప్లాస్టరు దవడలు. "ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి, ఒక్కటీ మాట్లాడదు, అదే నా అదృష్టం," అనేది ఆయన భార్య. ఒకసారి ఒక అచ్చు సరిగ్గా లేదని ఈయన డాక్టరుకి మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి డాక్టరే స్వయంగా వచ్చి, "మహానుభావా, అచ్చుది తప్పు కాదు, ఆ ముసలాయన దవడే అంత," అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

సాయంత్రం నాలుగింటికి దవడల్ని పక్కకి నెట్టి, అదే బల్లమీద యుద్ధ ట్యాంకులు కట్టేవారు. నిజం ట్యాంకులో ముప్పై అయిదో వంతు ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు. పెట్టెలో ముక్కలొస్తాయి, అతికించుకోవాలి. మామూలువాళ్ళు అతికించి, రంగేసి, అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. మిల్లీమీటరుగారు ముందు పెట్టెలోని తప్పులు వెతికేవారు. ఫలానా ఫ్యాక్టరీ ఫలానా నెలనుంచి రివెట్లు మానేసి వెల్డింగు మొదలుపెట్టిందని ఎక్కడో చదివి, పూర్తయిన ట్యాంకు మీదనుంచి పన్నెండు రివెట్లు చెక్కేశారు. రివెట్టు అంటే ఆవగింజలో సగం. ఆ పన్నెండు గింజలు ఉన్నాయో పోయాయో ఇంతవరకూ చూసి చెప్పగలిగిన మానవుడు లేడు. తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళి, అందరిముందూ షోకేసులోని బొమ్మ ట్యాంకు దగ్గర ఆగి, "దీని హెడ్‌లైటు ఎడమవైపు ఉండాలి," అన్నారు. ఆ ఇంటినుంచి మళ్ళీ పిలుపు రాలేదు.

ఇంతటి నిష్ఠాపరుడికి దేవుడు ఒక అసలైన ట్యాంకు డ్రైవర్ని మామగారిగా ఇచ్చాడు. ఆ మామగారు భార్య పోయాక ఆరేళ్ళుగా కూతురి దగ్గరే ఉంటున్నారు. యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో నలుగురున్న ట్యాంకులోంచి ప్రాణాలతో బయటపడ్డది ఆయనొక్కరే. ఆ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "ఎదురుగా గట్టు. గట్టుమీద వాళ్ళు. మా ఫిరంగి నేరుగా ముందుకి. మూడోది పేల్చాం. నాలుగోది పేల్చేలోగా మాకు తగిలింది. కరెంటు పోయింది. బక్కోణ్ణి పిలిచాను. రెండుసార్లు పిలిచాను. పలకలేదు. పాపం, ఏమీ తెలీకుండానే పోయాడు. నేను నెత్తిమీది మూత తీసుకుని బయటపడ్డాను." అంతే కథ. ఒక్క మాట పెరిగేది కాదు, తరిగేది కాదు. అల్లుడికి అందులో నచ్చింది అదే.

బక్కోడంటే ఆ ట్యాంకులో గన్నర్, ఫిరంగి గురిపెట్టేవాడు. ఇరవై రెండేళ్ళవాడు. వాడికొక చెల్లెలు. యుద్ధం అయిపోయిన నెలకే మామగారు ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళి, "ఇకనుంచి నీకు అన్నయ్యని నేనే," అన్నారట. మాటవరసకి అనలేదు. ఆమెకి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చేదాకా తిరిగారు, పెళ్ళిలో అన్నగా నిలబడ్డారు, భర్త పోయినప్పుడు పక్కన కూర్చున్నారు. ఆమె 'అన్నయ్యా' అని ఫోన్ చేయని ఆదివారం లేదు. ఆయనకి సొంత తోబుట్టువులు లేరు. కూతురు కొంచెం కుళ్ళుకునేది కూడా: "మా నాన్నకి నేను జ్వరం అంటే మాత్ర వేసుకో అంటాడు. ఆవిడ తుమ్మితే బస్సెక్కుతాడు."

ఆ చెల్లెలికి ఇప్పుడు చూపు పోతోంది. ఆపరేషన్‌తో వచ్చేది కాదని డాక్టర్లు తేల్చేశారు. ఒక ఆదివారం ఫోన్లో అడిగింది.

"అన్నయ్యా, మీ అల్లుడుగారు ట్యాంకులు కడతారుగా. మా వాడు ఉన్న ట్యాంకు ఒకటి కట్టి ఇస్తారేమో అడుగు. ఫొటోలైతే ఇంక కనబడవు. చేత్తో తడిమి చూసుకుంటాను."

అల్లుడుగారిని అడగాల్సిన పనేముంది, ఆయన అప్పటికే స్కేలు తీసుకున్నారు.

ఆ తరవాత రెండు నెలలు ఆ ఇంట్లో మామా అల్లుళ్ళ సహవాసం చూడముచ్చటగా సాగింది. రోజూ నాలుగింటికి మామగారు కుర్చీ లాక్కుని బల్ల పక్కన కూర్చునేవారు, అల్లుడు విచారణ మొదలుపెట్టేవారు.

"మామయ్యా, వెనక బురద రేకు వంగి ఉండేదా, తిన్నగా ఉండేదా?"

"వంగే ఉండేది. చెట్టుకి గుద్దాను."

"ఎంత వంగింది?"

"ఒరే అల్లుడూ, చెట్టుకి గుద్దినవాడు స్కేలు పెట్టి చూసుకుంటాడా? తిట్లు తింటాడు."

"బెత్తెడా, జానెడా?"

"బెత్తెడు రాసుకో. కమాండరు తిట్టినదాన్నిబట్టి జానెడు."

మిల్లీమీటరుగారు రెంటికీ మధ్యస్థంగా లెక్కకట్టి, ముప్పై అయిదుతో భాగించి, రేకు వంచారు. రంగు విషయంలో వారం రోజులు తర్జనభర్జన పడ్డారు. నాలుగు రకాల ఆకుపచ్చలు కలిపి దవడల మీద పూసి ఆరబెట్టారు. ఒక డాక్టరుకి పొరపాటున ఆకుపచ్చ చిగుళ్ళ అచ్చు కూడా వెళ్ళింది. "కళ్ళు కనబడనావిడకి రంగుతో ఏం పనండీ?" అంది భార్య. "ఆవిడకి కనబడకపోతే తప్పు ఒప్పవుతుందా?" అన్నారాయన. దీనికి ఆమె దగ్గర జవాబు లేకపోలేదు, ఓపిక లేక ఊరుకుంది.

పై దవడ, కింది దవడ విడివిడిగా తయారుచేసి, చివర్లో కలిపి కాటు చూడటం ఆయన వృత్తిధర్మం. ట్యాంకునీ అలాగే చేశారు. కింద డ్రైవరు కూర్చునే పెట్టెలాంటి ఒళ్ళు ఒక పీట మీద, పైన ఫిరంగితో సహా గుండ్రంగా తిరిగే టరెట్ ఇంకో పీట మీద. రెండు నెలలూ అవి ఒకదానిమొహం ఒకటి చూడలేదు. మామూలు మనిషైతే మొదటిరోజే ఒకదాని మీద ఒకటి పెట్టి, 'ఢాం' అని నోటితో అనుకుని, బొమ్మతో ఆడుకుని ఉండేవాడు. ఆపాటి చిన్నపిల్లాడితనం ఆయనకి ఉండుంటే జరిగిందంతా వేరేగా జరిగేది.

ఇచ్చెయ్యాల్సిన వారంలో చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి అల్లుడే ఎత్తారు.

"బాబూ, ఒక్క చిన్న కోరిక. మా అన్నయ్య బయటికొచ్చిన మూత ఉంటుందిగా, అది తెరిచి పెట్టు. మా వాడు ఎలాగూ రాలేదు. వచ్చినవాడి దారైనా నా చేతికి తగలాలి."

"తప్పకుండానండీ," అన్నారు మిల్లీమీటరుగారు.

మూత అప్పటికే మడతబందుతో సహా తయారుగా ఉంది. తెరిచారు. మర్నాడు పొద్దున్నే టరెట్‌ని తెచ్చి ఒంటిమీద మొదటిసారి కూర్చోబెట్టి, మామగారి కథ ప్రకారం ఫిరంగిని నేరుగా ముందుకి తిప్పారు. మూత టక్కున మూసుకుపోయింది.

మళ్ళీ తెరిచారు. నాలుగు మిల్లీమీటర్లు లేచి, ఫిరంగి గొట్టం అడుగుకి తగిలి ఆగింది. అతుకు తేడా అనుకున్నారు. కట్టుడు పళ్ళు ఎక్కడ ఎక్కువ ఒరుసుకుంటున్నాయో చూడటానికి మధ్యలో పెట్టి కొరికించే నీలం కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని మూతకీ గొట్టానికీ మధ్య పెట్టి నొక్కారు. మూత నడినెత్తిన గుండ్రంగా నీలం మచ్చ పడింది. కాటు ఇంత స్పష్టంగా పడటం పళ్ళలో కూడా అరుదు. తన పనిలో తప్పు లేదన్నమాట. పుస్తకాల బీరువాలోంచి ఆ ట్యాంకు తయారీ నక్షల పుస్తకం తీశారు. నూట పన్నెండో పేజీలో, డ్రైవరు కళ్ళెదుట బిగించే హెచ్చరిక పలక బొమ్మ ఉంది: ఫిరంగి ముందువైపు ఉండగా ఈ మూత తెరుచుకోదు.

ఇలాంటిది దొరికితే ఆయనకి కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది. మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చోగానే పుస్తకం కంచం పక్కన పెట్టుకున్నారు.

"మామయ్యా, తమాషా చూశారా! ఈ లెక్క ప్రకారం మీరు బయటికొచ్చే ప్రసక్తే లేదు."

"ఏ లెక్క?" అన్నారు మామగారు, కలుపుకుంటూ.

"ఫిరంగి నేరుగా ఉంటే మీ మూత జానెడు కూడా లేవదు. ఇదిగో, కంపెనీవాళ్ళే రాశారు. మీరు ఇప్పుడు ఇక్కడ కూర్చుని భోంచేయడం సాంకేతికంగా అసాధ్యం."

"శుభం పలకండి," అంది భార్య.

"అబ్బే, శాస్త్రీయంగా అంటున్నాను. బయటికి రావాలంటే ఫిరంగి పక్కకి తిరగాలి. కరెంటు పోయిందన్నారు కాబట్టి మోటారు తిప్పదు. దెబ్బకి తిరిగిందంటారా, దానికి పళ్ళచక్రం ఉంటుంది, ఊరికే జారదు. ఇంక ఉన్నది ఒక్కటే దారి. లోపల చేత్తో తిప్పే పిడి ఉంటుంది. అది ఎక్కడుంటుందంటే గన్నర్ కుడిచేతి..."

అక్కడ ఆగారు. జీవితంలో మొదటిసారి ఒక కొలత పూర్తి కాకముందే ఆగారు.

మామగారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కాసేపటికి లేచి, చెయ్యి కడుక్కుని, "అల్లుడుగారు చాలా చదివారు," అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మామూలుగా ఆయన 'అల్లుడూ' అనేవారు. 'గారు' చేరిందంటే చెడిందని ఆ ఇంట్లో లెక్క.

"ఏం చేశారు మా నాన్నని?" అంది భార్య.

"ఏమీ చెయ్యలేదు. మూత సంగతి..."

"మూతా లేదు, మూకుడూ లేదు. యాభై ఏళ్ళ కిందట చావు తప్పించుకొచ్చిన మనిషిని పట్టుకుని, నువ్వు బతికుండటానికి వీల్లేదు అంటారా? అదీ కంచం ముందు? ఎవరైనా పుస్తకం చూసి మనిషి బతికున్నాడో లేడో తేలుస్తారుటండీ?"

ఆమెకి ఇంకా అసలు సంగతి తట్టలేదు. మిల్లీమీటరుగారికి తట్టింది. బక్కోడు ఏమీ తెలీకుండా పోలేదు. తగిలాక కూడా బతికే ఉన్నాడు, పిడి తిప్పాడు. మామగారికి అది తెలియకుండా ఉండే వీలు లేదు, ఎందుకంటే ఆ గొట్టం తిరిగింది ఆయన నెత్తిమీదే.

మూడు రోజులు మామగారు బల్ల దగ్గరికి రాలేదు. తిండి సగానికి సగం తగ్గింది. ఆదివారం ఫోన్ మోగితే, "పడుకున్నానని చెప్పు," అన్నారు కూతురితో. యాభై ఏళ్ళలో అలా అనడం అదే మొదలు. భార్య మిల్లీమీటరుగారితో మాటలు మానేసింది. టీ కప్పు బల్లమీద పెట్టే చప్పుడులోనే చెప్పాల్సిందంతా చెప్పేది.

నాలుగోరోజు పొద్దున మిల్లీమీటరుగారు, చరిత్రలో నమోదు కావాల్సిన ఒక పని చేశారు. ఆకురాయి తీసుకుని మామగారి గది తలుపు కొట్టారు.

"మామయ్యా, ఒక మాట. మూతని మూడు మిల్లీమీటర్లు తగ్గిస్తాను. మడతబందు కొంచెం వెనక్కి జరుపుతాను. ఫిరంగి ముందుకే ఉంటుంది, మూతా తెరుచుకుంటుంది. ఎవరికీ తెలీదు."

పన్నెండు రివెట్ల కోసం వారం పాటు నిద్ర మానుకున్న మనిషి నోట ఆ మాట రావడం ఎంత కష్టమో మామగారికి అర్థమైంది. ఆకురాయి వంక చూశారు.

"అంటే ఇప్పుడు నాకోసం నువ్వు కూడా అబద్ధం మొదలుపెడతావన్నమాట."

అల్లుడు ఆకురాయిని జేబులో పెట్టేసుకున్నారు.

"పద," అన్నారు మామగారు.

వచ్చి తన పాత కుర్చీలో కూర్చున్నారు. ట్యాంకుని దగ్గరికి లాక్కుని, టరెట్ మీద వేలు ఆనించి, ఫిరంగిని మెల్లిగా ఎడమవైపుకి తిప్పడం మొదలుపెట్టారు.

"ఇంత చప్పుడు లేకుండా తిరగలేదురా. కర్రు, కర్రుమని. ఒక్కో చుట్టుకీ వేలెడు జరుగుతుంది, అంతే. మిగతా ఇద్దరూ తగిలినప్పుడే పోయారు. వాడి కాలు ఇరుక్కుపోయింది. 'నా కాలు రాదు, నువ్వు పో' అన్నాడు. మూత రావట్లేదురా అన్నాను. 'ఆగు' అన్నాడు. తిప్పాడు. కాసేపాగి, 'ఇప్పుడు చూడరా, వచ్చిందా?' అన్నాడు. రాలేదన్నాను. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ, 'ఇప్పుడు చూడు' అన్నాడు. మూడోసారి వచ్చింది." వేలు ఆగింది. "ఇక్కడ."

గొట్టం పక్కకి తొలిగింది. మూత పూర్తిగా తెరుచుకుంది.

"బయటపడ్డాక టరెట్ పైకెక్కి వాణ్ణి లాగొచ్చు. రెండు అడుగులు ఎక్కితే చాలు. ఎక్కుదామనే అనుకున్నాను. కాళ్ళు అటు పోలేదు. గుంట దాకా పరిగెత్తాను. అక్కడ పడుకుని చెవులు మూసుకున్నాను. నేను వాణ్ణి రెండుసార్లు పిలవలేదు అల్లుడూ. వాడే నన్ను పిలిచాడు."

"మంట అంటుకుందా?"

"ఇంకా అంటుకోలేదు. అదే చెప్తున్నా. ఇంకా అంటుకోలేదు."

బయట కూరగాయల బండివాడు అరుచుకుంటూ వెళ్ళాడు. మిల్లీమీటరుగారు జిగురు సీసా మూత తీశారు, ఏమీ చెయ్యకుండా మళ్ళీ పెట్టారు.

"ఇలాగే అతికించు," అన్నారు మామగారు. "మూత తెరిచి. ఫిరంగి ఇలా. ఆవిడ చేతికి తగులుతుంది. తగిలితే అడుగుతుంది. నా అంతట నేను మొదలుపెట్టి చెప్పలేను, యాభై ఏళ్ళు ప్రయత్నించాను. అడిగితే చెప్తాను."

"అడక్కపోతే?"

"అడుగుతుంది. నా కథ నాకన్నా ఆవిడకే బాగా వచ్చు."

మర్నాడు ఇద్దరూ బస్సులో వెళ్ళారు. ఒళ్ళో అట్టపెట్టె, పెట్టెలో దూదిలో ట్యాంకు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దారిలో మాట్లాడిన మాట ఒక్కటే: "బ్రేకు అంత గట్టిగా ఎవడు తొక్కమన్నాడు వీణ్ణి."

చెల్లెలు మూడో అంతస్తులో ఉంటుంది. గుమ్మంలోనే చప్పుడు పోల్చుకుంది. "వచ్చావా అన్నయ్యా! పడుకున్నాడు, పడుకున్నాడు అంటే, మంచం పట్టావేమో అని హడలిపోయాను. కూర్చో. టీ పెడతాను, నాకు కొలతలన్నీ చేతికి తెలుసులే."

"టీ తరవాత," అన్నారు మామగారు. "ముందు ఇది చూడు."

కిటికీ పక్కన బల్లమీద పెట్టారు. ఆవిడ చీరకొంగుతో చేతులు తుడుచుకుని రెండు చేతులూ దాని మీద వేసింది. చెయిన్లు, చక్రాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. వంగిన బురద రేకు దగ్గర నవ్వింది. "ఇది చెట్టుకి గుద్దింది కదూ!" మిల్లీమీటరుగారి నలభై ఏళ్ళ శ్రమలో అంతకుమించిన మెప్పు ఎవరూ ఇచ్చి ఉండరు. ఆయన దాన్ని అందుకునే స్థితిలో లేరు. ఆవిడ వేళ్ళు మూత మీదికి వచ్చాయి, లోపలికి దిగాయి, డ్రైవరు సీటు అంచు తడిమాయి. "ఇక్కడ నువ్వు," అంది. పైకి వెళ్ళాయి. "ఇక్కడ వాడు." గొట్టం పట్టుకుని చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి.

"ఇది పక్కకి ఉందేం అన్నయ్యా? నేరుగా ముందుకి కదా నువ్వు చెప్పింది?"

మామగారు చెప్పారు. కూర్చోకుండా, బల్ల అంచు పట్టుకుని, అల్లుడికి చెప్పిన మాటల్నే చెప్పారు. టరెట్ ఎక్కలేదన్నది కూడా చెప్పారు. మధ్యలో ఆవిడ ఒక్కసారే ఆపింది.

"'ఇప్పుడు చూడరా' అన్నాడా? ఎలా అన్నాడు? భయంగానా?"

"కాదు. విసుగ్గా."

"అవును. వాడికి విసుగెక్కువ," అంది. మొహం కిటికీవైపు తిప్పుకుంది. "ఎంతసేపు ఉంటుంది, అంతా కలిపి?"

"నాలుగు నిమిషాలు. అయిదేమో."

"నాకు ఒక్క క్షణం అని చెప్పావు. నేను యాభై ఏళ్ళు ఆ క్షణం పట్టుకునే నిద్రపోయాను."

మామగారు ఏదో అనబోయారు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. తిట్టలేదు, ఏడవలేదు. చేతులు మాత్రం ట్యాంకు మీదనుంచి తియ్యలేదు. ఆవిడ ముందే పొయ్యిమీద పెట్టిన పాలు పొంగిన వాసన వస్తే మిల్లీమీటరుగారు లోపలికి వెళ్ళి పొయ్యి ఆపి వచ్చారు. వచ్చేసరికి ఇద్దరూ ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉన్నారు.

"ఇది ఇక్కడే ఉంచండి," అంది చివరికి. "మీరు వెళ్ళి రండి."

మామగారు గుమ్మం దగ్గర ఆగారు. ప్రతిసారీ అక్కడ ఆగుతారు, 'జాగ్రత్త అన్నయ్యా' అన్న మాట కోసం. కాసేపు నిలబడ్డారు. చెప్పుల్లో కాళ్ళు ఒకటికి రెండుసార్లు సర్దుకున్నారు. ఇంక వీలుకాక బయటికి నడిచారు.

మెట్ల మలుపు దగ్గరికి వచ్చాక పైనుంచి ఆవిడ గొంతు వినబడింది. పిలిచింది అల్లుణ్ణి.

"బాబూ, కింద మూడో మెట్టు విరిగింది. ఆయన్ని చూసి దింపు."

మామగారు రెయిలింగు పట్టుకున్నారు. ఆవిడ గట్టిగానే అంది, వినబడకపోవడానికి వీల్లేదు.

"ఏమంటోంది?" అన్నారు.

"మూడో మెట్టు విరిగిందట మామయ్యా."

"ఆహా," అన్నారు మామగారు, మొదటి మెట్టు మీద కాలు పెడుతూ.